పూర్ణావగాహన పొందిన వరహాలు గారు

వరహాలు గారి మెడ కింద ఉసిరికాయంత గడ్డ లేచేనాటికి, నగరంలోని ఆ పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో రోగం నయం చేయడం కంటే రోగికి రోగం అర్థమయ్యేలా చేయడమే ముఖ్యమని తీర్మానం జరిగి ఆరు నెలలయింది.

ఆ తీర్మానానికి కారణం లేకపోలేదు. ఎక్కడినుంచో ఒక తనిఖీ బృందం వచ్చి, వార్డులో ఉన్న ఒక ముసలాయన్ని పట్టుకుని "మీకు చేసిన ఆపరేషన్ ఏమిటి?" అని అడిగింది. ఆయన చొక్కా పైకెత్తి కుట్లు చూపించి, "చదువుకున్నోళ్ళు, మీరే చూసి సెప్పండి" అన్నాడు. బృందం ఆ మాటను ఎర్ర సిరాతో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ సిరా ఆరకముందే ఆసుపత్రిలో అవగాహన విభాగం పుట్టింది. దానికొక ముఖ్య అవగాహనాధికారి, ఆయనకు నలుగురు ఉప అధికారులు, 'క్యాన్సర్‌లో ఇరవై మాటలు' అని ఒక నీలి అట్ట పుస్తకం ఏర్పడ్డాయి. ఇక మీదట డాక్టరు ప్రతి రోగికీ ఆ ఇరవై మాటలూ, వాటితోపాటు అతని రిపోర్టూ వివరించాలి. మాట మాటకీ "అర్థమైందా?" అని అడగాలి. రోగి అర్థమైందంటే కంప్యూటర్లో ఒక టిక్కు పడుతుంది. ఇరవై టిక్కులు పడినవాడు పూర్ణావగాహన రోగి. అతనికి నీలం కార్డు.

నియమం మంచిదే. వరహాలు గారి లాంటి మనిషి ఆసుపత్రికి వస్తాడన్న సంగతి మాత్రం దాన్ని రాసినవాళ్ళకు తట్టలేదు.

కాండ్రేగుల వరహాలు గారు అనకాపల్లి మార్కెట్లో ముప్పై ఆరేళ్ళుగా బెల్లం వ్యాపారం చేస్తున్నారు. బెల్లం వేలంపాట జరిగేటప్పుడు ఆయన నోరు విప్పరు. దిమ్మ అంచు గిల్లి, వేళ్ళ మధ్య నలిపి, నాలుక మీద వేసుకుని, తల ఊపుతారు. తల ఊపితే సరుకు ఆయనది. మార్కెట్లో రెండోసారి అడిగినవాణ్ణి అమాయకుడి కింద లెక్కేస్తారు. తెలియదన్నవాడు ఆ పూటకి అందరికీ మేత. అందుకని "తెలియదు", "మళ్ళీ చెప్పండి" అన్న మాటలు ఆయన నోటి నుంచి వచ్చి ముప్పై ఆరేళ్ళు దాటింది. మొదట్లో వ్యాపారం కోసం మానేసిన మాటలు, తర్వాత ఇంట్లో కూడా రావడం మానేశాయి.

రిపోర్టు చెప్పే రోజున వరహాలు గారు డాక్టర్ ఇందుమతి గదిలో కూర్చున్నారు. ఆవిడకు ముప్పై రెండేళ్ళుంటాయి. ఆ వారంలో ఆయన నలభై నాలుగో రోగి. ఆవిడ మంచి మనిషే, కాని ఇరవై మాటల్ని నలభై నాలుగోసారి చెబుతున్న మనిషి. బయట మైకు టోకెన్లు పిలుస్తూనే ఉంది.

"బయాప్సీ అంటే అనుమానం ఉన్నచోట నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. అర్థమైందా?"

వరహాలు గారు తల ఊపారు.

"బినైన్ అంటే..." టోకెన్ నూట నలభై ఏడు, గది నంబరు తొమ్మిది. "మాలిగ్నెంట్ అంటే..." తెల్ల స్కూటరు ఎవరిదో అంబులెన్సుకు అడ్డం ఉంది, తీయవలెను. "అర్థమైందా?"

తల ఊపారు. మాట వచ్చిన కొద్దీ తల ఊగింది. చివరికి డాక్టరమ్మ కంప్యూటర్ తెర వైపు తిరిగి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చదివి, తెలుగులో వాటికి ఏదో చెప్పింది. మైకు అదే సమయంలో క్యాంటీన్లో మూర్ఛపోయిన ఒకావిడ బంధువుల్ని పిలిచింది. ఆ గోలలో వరహాలు గారి చెవిన పడ్డవి రెండే మాటలు: "మూడు వారాలు."

"అర్థమైంది కదండీ?"

ఆయన తల ఊపారు. సరుకు ఆయనదైంది. అదేం సరుకో మాత్రం తెలియలేదు.

ఏడు నిమిషాల్లో ఇరవై టిక్కులు పడ్డాయి. అంత తొందరగా అర్థం చేసుకున్న రోగి ఆ ఆసుపత్రిలో అంతకుముందు లేడట. నీలం కార్డు చేతిలో పెట్టారు. రిపోర్టు కాగితం ఇవ్వలేదు. అర్థమైనవాళ్ళకు కాగితం ఇస్తే ఇంటికెళ్ళి ఫోన్లో వెతుక్కుంటారనీ, వెతుక్కుంటే అర్థమైంది కాస్తా పోతుందనీ విభాగం వారి అభిప్రాయం.

బయట బెంచీ మీద భార్య నరసమ్మ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏటన్నారండీ?"

"అంతా చెప్పారు."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతా. ఇరవై మాటలు చెప్పారు. పద, బస్సు దొరకదు."

ఆ వారం వరహాలు గారు మార్కెట్‌కి వెళ్ళారు గాని మనసంతా ఆ మూడు వారాల మీదే ఉంది. మూడు వారాలు మందు మింగాలా? మూడు వారాల తర్వాత రావాలా? లేక, మూడు వారాలేనా? మొదటి రెండింటికీ ఇబ్బంది లేదు. మూడో దాని దగ్గరే ఆయన చేతిలోని బెల్లం ముక్క నోటిదాకా పోకుండా ఆగిపోయేది. నాలుగు రోజులు అలా గడిచాక, పనుందని ఇంట్లో చెప్పి, ఒక్కరే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళారు. ఏడో నంబరు కౌంటరు దగ్గర కనకారావు అనే గుమాస్తా ఉన్నాడు. నవ్వుముఖం మనిషి.

"నాకు తెలుసనుకో బాబూ," అన్నారు వరహాలు గారు కార్డు చూపించి. "అయినా మీ నోటంట ఓసారి వింటే బాగుంటదని వచ్చాను."

కనకారావు తెర చూసి లేచి నిలబడినంత పని చేశాడు. "మీరా అండీ! ఏడు నిమిషాల వరహాలు గారంటే మీరేనా? మీకు అర్థమైపోయిందండీ. ఇరవైకి ఇరవై."

"అదే. ఏటర్థమైందో కొంచెం చూసి చెప్తావేటి?"

"అది మీకు తెలియాలండి. ఇక్కడ అర్థమైందని మాత్రమే ఉంటాది. ఏటర్థమైందో ఉండదు."

"పోనీ, డాక్టరమ్మని అడుగుతాను."

"ఆవిడకి మీ పేజీ తెరుచుకోదండి. టిక్కులు పూర్తయ్యాక మూసుకుపోతాది. అర్థమైనోళ్ళకి మళ్ళీ చెప్తే పునఃకథనం కిందకొస్తాది. అది నేరం కాదు గాని, డాక్టరుగారికి రిమార్కు పడతాది."

"ఆ కింద 'తదుపరి చర్య' అని గడి కనబడతన్నాది. అక్కడేం రాసుంది?"

కనకారావు వంగి చదివాడు. "'రోగికి తెలుసు' అని రాసుందండి."

వరహాలు గారు తల ఊపారు. ఊపాక గాని ఊపినట్టు ఆయనకు తెలియలేదు.

వరండాలో డాక్టర్ ఇందుమతి ఎదురైంది. చేతిలో ఫైళ్ళ బొత్తి, నడకలో పరుగు. నీలం కార్డు చూసి ఆగింది. "వరహాలు గారు కదూ? అంత ధైర్యంగా తీసుకున్నవాళ్ళని నేను చూడలేదండీ. మరి నిర్ణయం తీసుకున్నారా?"

ధైర్యంగా తీసుకోవలసిన సరుకన్నమాట. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని ఆయనకు తెలుసు. కాని మార్కెట్లో ముప్పై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఒకే జవాబుంది. అదే బయటికొచ్చింది.

"చూస్తున్నానమ్మా."

"తొందరేం లేదు గాని, మరీ ఆలస్యం చేయకండి," అని ఆవిడ వెళ్ళిపోయింది. అటు తొందర లేదంది, ఇటు ఆలస్యం వద్దంది. రెండు మాటల మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవలేక ఆయన గోడకు చేరబడ్డారు.

అక్కడ ఆయన్ని ముఖ్య అవగాహనాధికారి చంద్రమౌళి గారు పట్టుకున్నారు. పట్టుకున్నారంటే నిజంగానే భుజం పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళారు. గోడ మీద ఒక పెద్ద గ్రాఫు ఉంది. అందులో ఎర్ర గీత ఎక్కుతూ వచ్చి చివర కొంచెం జారింది.

"వరహాలు గారూ, ఈ జారుడు గమనించితిరా? గత మాసమున అవగాహనా శాతము తొంభై ఆరుకు పతనమైనది. డాక్టర్లు చెప్పుచున్నారు, రోగులు వినుటలేదు. కావున రోగియే రోగికి బోధించు 'సహరోగి బోధనా పథకము' ప్రవేశపెట్టుచున్నాము. ప్రథమ బోధకులుగా తమ పేరు నేనే ప్రతిపాదించితిని. తమ అభ్యంతరము?"

వరహాలు గారు వేగంగా లెక్క వేసుకున్నారు. తెలియదని ఇప్పుడు చెబితే ఏడు నిమిషాల పరువు పోతుంది. ఒప్పుకుంటే నీలి పుస్తకం చేతికొస్తుంది. ఇరవై మాటలూ నేర్చుకుంటే తన సరుకేదో తానే పోల్చుకోవచ్చు. రంగు చూసి బెల్లం పోల్చుకున్నవాడికి ఇదొక లెక్కా? ఆ లెక్క మీద ఆయన తల ఊపారు.

పుస్తకం రెండు రోజుల్లో నేర్చేశారు. పుస్తకంలోని తెలుగు చంద్రమౌళి గారి తెలుగులాంటిదే కాబట్టి, దాన్ని బెల్లంలోకి మార్చుకుంటే గాని ఆయనకే ఎక్కలేదు. మూడో రోజు నుంచి వేచివుండే హాల్లో ఒక బల్ల, బల్ల మీద ఒక బెల్లం దిమ్మ పెట్టుకుని బోధన మొదలుపెట్టారు.

"బయాప్సీ అంటే ఏటీ లేదమ్మా, మచ్చు చూడడం. నేను దిమ్మ అంచు గిల్లి చూస్తాను కదా, అలాగ వాళ్ళు మన గడ్డ అంచు గిల్లి చూస్తారు. మచ్చు తీసినంత మాత్రాన సరుకు చెడ్డదని కాదు. మంచిదా చెడ్డదా తెలీకే మచ్చు తీస్తారు."

"ఓహో," అంది ముందు వరుసలో కూర్చున్న పైడితల్లి. చోడవరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. రొమ్ములో గడ్డ. మూడు నెలలుగా బయాప్సీ అంటే రోగం పేరే అనుకుంటోందట.

"గోడౌన్లో ఒక దిమ్మ గట్టిగా ఉబ్బి ఉంటది గాని పక్క దిమ్మ జోలికి పోదు, ఉన్నచోటే కూచుంటది. అది బినైన్. క్యాన్సర్ కాదన్నమాట. ఇంకో దిమ్మకి చెమ్మ పడుతుంది. అది తను కారిపోయి ఊరుకోదు, పక్కదాన్ని తడుపుతుంది. అది మాలిగ్నెంట్. దాన్నే క్యాన్సర్ అంటాం. ఆ చెమ్మే ఉత్తరం మూల నుంచి పోయి దక్షిణం మూల తేలిందనుకో, మెటాస్టాసిస్."

"మరి స్టేజీ అంటారేటి బాబూ?"

"చెమ్మ ఎంత దూరం పోయిందో చెప్పేది స్టేజీ. గ్రేడు వేరు. ఆ చెమ్మ ఎంత జోరు మీదుందో చెప్పేది గ్రేడు. రెండిటినీ కలిపేయకండి. మా మార్కెట్లో కలిపేసినోడు మళ్ళీ లేవలేదు."

జనం నవ్వారు. పాడైనచోట చుట్టూ వేలెడు మంచి బెల్లం కూడా కలిపి కోసేస్తామనీ, ఆ కోత అంచు శుభ్రంగా ఉంటే దాన్నే మార్జిన్ క్లియర్ అంటారనీ చెప్పారు. చెమ్మ జాడ లేకుండా గోడౌన్ పొడిగా ఉండడమే రెమిషన్ అనీ, అయినా వానాకాలంలో వెళ్ళి చూసుకుంటూ ఉండాలనీ అన్నారు. జనం తండోపతండాలుగా వచ్చారు. వేరే వార్డుల వాళ్ళు సెలైన్ సీసాలు పట్టుకుని వచ్చారు. నిజం చెప్పాలంటే వరహాలు గారికి ఆ పది రోజులూ మహా సరదాగా గడిచాయి. మార్కెట్లో ముప్పై ఆరేళ్ళలో ఆయన ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఇరవై మాటలూ నిజంగానే అర్థమయ్యాయి. తన సరుకేదో మాత్రం ఆ ఇరవైలో ఎక్కడా దొరకలేదు. అద్దంలో చూసుకుంటే గడ్డ ఒకరోజు బినైన్‌లా కనిపించేది, ఒకరోజు మాలిగ్నెంట్‌లా కనిపించేది.

ఒకసారి పైడితల్లి అడిగేసింది. "అందరియీ సెప్పినావు. మరి నీకేటి బాబూ? నీది కూసుండే రకమా, పాకే రకమా?"

హాలంతా ఆయన వైపు చూసింది.

"నాదా?" అన్నారు వరహాలు గారు గొంతు సవరించుకుని. "నాది చెప్పాలంటే చాలాసేపు పడతది తల్లీ. తర్వాతి మాట చూద్దాం."

అవగాహన మాత్రం ఆసుపత్రిలో మూడు పూలు ఆరు కాయలుగా వర్ధిల్లింది. రోగులు అయిపోయాక బంధువులకు, బంధువులు అయిపోయాక లిఫ్టు నడిపేవాడికి, ఇస్త్రీవాడికి, పాలు పోసే మనిషికి కూడా టిక్కులు పెట్టారు. చనిపోయినవారి టిక్కులు తీసేయాలా వద్దా అని ఒక సంఘం వేశారు. అవగాహన మరణంతో రద్దు కాదనీ, పైగా వారు ఇక మరచిపోయే ప్రమాదం లేదనీ సంఘం తేల్చింది. శాతం తొంభై తొమ్మిది దాటింది. వార్షిక నివేదికలో 'కోలుకున్నవారు' అనే గడి సగటును కిందికి లాగుతోందని దాన్ని తీసేశారు. పై నెలలో ఆసుపత్రికి పతకం వస్తుందని చెప్పుకున్నారు.

రిపోర్టు విన్న పద్దెనిమిదో రోజున నరసమ్మ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. భర్త వరసగా మూడో రోజు కూడా పెరుగన్నం వదిలేశారు.

"మూడు వారాలు, మూడు వారాలు అని నిద్దట్లో అంటున్నారు. ఏటండీ మూడు వారాలు?"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఏటని?"

ఆయన కంచం పక్కకు జరిపారు. నరసమ్మ గరిటె కింద పెట్టింది. ఆయన ముఖంలోకి చూసింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి.

"మీరు అడగనేదు," అంది. "అంతే కదూ? తల ఊపేసి వచ్చీసినారు."

"అడగడానికేముంది, ఆవిడ..."

"అడగనేదు! ఊరందరికీ పాఠాలు సెప్తున్నారంట, బస్సులో జనం సెప్పుకుంటన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా మా నాన్న ఏదడిగినా తల ఊపినారు. ఏటడిగాడో తెలుసా మీకు? పిల్లకి కోపం ఎక్కువ, పరవాలేదా అని అడిగాడు." నవ్వబోయింది గాని నవ్వు మధ్యలో విరిగిపోయింది. "రేపు పొద్దున్నే ఎళ్ళండి. తెల్దు అని సెప్పండి. నాకోసం సెప్పండి."

మర్నాడు కనకారావు ఆ మాట విని నెత్తి గోక్కున్నాడు. "అవగాహన రద్దు దరఖాస్తు ఉందండీ, లేకపోలేదు. కాని దానికి అజ్ఞాన నిర్ధారణ పరీక్ష పాసవ్వాలి. ఇరవైలో ఏడు కంటే తక్కువ రావాలి. పారదర్శకత కోసం అందరి ముందూ జరుపుతారు."

అదే బల్ల, అదే హాలు. ముందు వరుసలో పైడితల్లి. చంద్రమౌళి గారు స్వయంగా ప్రశ్నలడిగారు. వరహాలు గారు తప్పులు చెబుదామనే లేచారు. తీరా "బయాప్సీ అనగానేమి?" అనేసరికి, తన సొంత జనం ముందు, తాను నేర్పిన మాట దగ్గర, తెలియదు అనడానికి నాలుక తిరగలేదు. "మచ్చు," అన్నారు. ఆ తర్వాత ఆపడం కుదరలేదు. జనం చప్పట్లు కొడుతున్న కొద్దీ వివరంగా చెప్పారు. ఇరవైకి ఇరవై వచ్చాయి.

"విచారించవలదు," అన్నారు చంద్రమౌళి గారు, ఆనందం ఆపుకోలేక. "తమ అజ్ఞానము రుజువు కాలేదు. ఎల్లుండి మరొక అవకాశము కలదు."

ఎల్లుండి ఇరవై ఒకటో రోజు. వరహాలు గారు ఆ ఒక్క రోజులో ఎంత తిట్టుకోవాలో అంతా తిట్టుకున్నారు. ప్రాణం మీదికొచ్చిన బేరంలో చప్పట్లకు పడిపోయిన వ్యాపారి ఇంకెక్కడైనా ఉంటాడా అనుకున్నారు.

రెండో పరీక్షకు ముందు చంద్రమౌళి గారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఈసారి ముఖంలో ఆనందం లేదు. నిబంధనలు మళ్ళీ చదివినట్టున్నారు.

"వరహాలు గారూ, ఒక చిక్కు వచ్చినది. తాము బోధించినవారు మూడు వందల పన్నెండుమంది. పదిహేడవ నిబంధన ప్రకారము బోధకుని అవగాహన రద్దయినచో, అతనివలన జనించిన అవగాహన యావత్తూ రద్దగును. శాతము ఏమగునో తమరూహించగలరు."

"ఊహించగలనండి."

"కావున తాము పాక్షిక అనవగాహన కింద దరఖాస్తు చేసుకొనరాదా? పది మాటలు తెలుసును, పది తెలియవు. పతకము వచ్చు సభలో శాలువా కూడా కప్పుదుము."

"పాక్షికమైతే నా పేజీ తెరుచుకుంటదా?"

"సగము తెరుచుకొనును."

"ఏ సగం?"

చంద్రమౌళి గారు గ్రాఫు వైపు చూశారు. "అది యంత్రము నిర్ణయించును."

వరహాలు గారు లేచారు. శాలువాలు ఆయన చాలా చూశారు.

హాలు కిక్కిరిసి ఉంది. నరసమ్మ వెనక గోడ దగ్గర నిలబడి ఉంది.

"బయాప్సీ అనగానేమి?"

"తెలియదండి."

హాల్లో గుసగుస. పైడితల్లి ముందుకు వంగి, "మచ్చు బాబూ, మచ్చు!" అని అందించింది.

"బినైన్ అనగా?"

"తెలియదు."

"కూసుండే రకం!" అని నాలుగు గొంతులు ఒక్కసారి లేచాయి. సెలైన్ సీసా పట్టుకున్న ఒక పెద్దమనిషి మెటాస్టాసిస్ దాకా గడగడా అప్పజెప్పేశాడు. ఉప అవగాహనాధికారులు హుష్ హుష్ అన్నారు. వరహాలు గారికి ఒక్కో 'తెలియదు' ఒక్కో పన్ను పీకించుకున్నట్టుంది. ఐదో దాని దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. పదో దాని దగ్గర, వీడా మనకు చెప్పింది అన్నట్టు జనం ముఖాలు మారాయి. పదిహేనో దాని దగ్గర చంద్రమౌళి గారి గొంతు బతిమాలుతున్నట్టయింది. "రెమిషన్ కూడానా? ఒక్కమారు ఆలోచించి..."

"ఆలోచించానండి. తెలియదు." ఇరవయ్యోది అయ్యాక ఆయన జనం వైపు తిరిగారు. "నేను మీకు చెప్పినవి అబద్ధాలు కావు. మాటలు సరైనవే. నాకున్నదేటో నాకు తెలియదు, అంతే. అడగడానికి సిగ్గుపడ్డాను. మీలో ఎవరికి తెలుసో మీరే చూసుకోండి."

పైడితల్లి తన నీలం కార్డు తిప్పి తిప్పి చూసుకుంది. "నాకు మాటలన్నీ ఒచ్చినాయి," అంది నెమ్మదిగా. "నాకేటో నాకూ ఎవులూ సెప్పనేదు."

ఇరవైకి సున్నా. మధ్యాహ్నం పన్నెండున్నరకు మూడు వందల పదమూడు పేజీలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. చంద్రమౌళి గారు గ్రాఫు కాగితాన్ని గోడ నుంచి తీసి చుట్ట చుట్టుకున్నారు. డాక్టర్ ఇందుమతి గది ముందు వరస వరండా దాటి, మెట్లు దిగి, మందుల దుకాణం దాకా పోయింది. మొదటి టోకెను వరహాలు గారిది.

ఆవిడ ఆయన్నీ నరసమ్మనూ కూర్చోబెట్టింది. మైకు తీగ ఎవరో పీకేశారు. రిపోర్టు తెరిచి, నెమ్మదిగా చెప్పింది.

"ఇది క్యాన్సరేనండీ. థైరాయిడ్ గ్రంథిలో వచ్చింది. మాలిగ్నెంటే. కాని నెమ్మదిగా పెరిగే రకం. స్కానులో ఇంకెక్కడికీ పాకినట్టు కనిపించలేదు. ఆపరేషన్ చేసి తీసేస్తాం. ఇలాంటివాళ్ళలో ఎక్కువమంది బాగుంటారు. ఆపరేషన్‌కి మూడు వారాల్లో ఒక రోజు చూసుకుని చెప్పమన్నాను. కొన్నాళ్ళు అటూ ఇటూ అయినా ఇందులో నష్టం లేదు."

నరసమ్మ చేయి బల్ల కింద నుంచి వచ్చి ఆయన చేతిని పట్టుకుంది.

"అర్థమైందాండీ?"

వరహాలు గారి తల కదలబోయింది. ఆయన దాన్ని పట్టి ఆపారు.

"లేదమ్మా. మళ్ళీ చెప్పండి."

ఆవిడ మళ్ళీ చెప్పింది. నరసమ్మ మధ్యలో అడ్డం పడి ఆపరేషన్ ఎన్ని గంటలు, గొంతు పోతుందా, అన్నం ఎప్పుడు తినొచ్చు అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పింది డాక్టరమ్మ. గొంతు కొన్నాళ్ళు బొంగురు పోవచ్చు గాని మాట ఉంటుందంది.

"ఇప్పుడు?"

"లేదమ్మా."

డాక్టర్ ఇందుమతి తెర మీద నుంచి చూపు తీసి ఆయన వైపు తిరిగింది. "ఏ మాట అర్థం కాలేదో చెప్పండి. మాలిగ్నెంటా?"

"మాటలన్నీ అర్థమయ్యాయమ్మా," అన్నారు వరహాలు గారు. "అవి నేనే మూడు వందల మందికి చెప్పాను. అది నాకు వచ్చింది అన్న సంగతి ఒక్కటే అర్థం కావడంలేదు."

నీలి పుస్తకంలో దానికి మాట లేదు. ఆవిడ తన కుర్చీని బల్ల ఇవతలికి లాక్కుని, ఆయన పక్కన కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టింది.